గుడి కింద అక్షరం

అక్షరాలాయనకు చదవడం కంటే ముందు రాయడం వచ్చింది. వినడానికి వింతగా ఉంటుంది గానీ, ఆయన పెళ్ళికీ, ఒక రాణి పుట్టుకకూ, డెబ్బై మూడో ఏట ఆయన మోకాళ్ళ నొప్పులతో లాంచీ ఎక్కవలసి రావడానికీ మూలం అదే.

పదిహేనో ఏట బోర్డులు రాసే మేస్త్రీ దగ్గర పనికి కుదిరేనాటికి ఆయనకు ఓనమాలు రావు. మేస్త్రీ దాన్ని లోపంగా ఎంచలేదు. "చదువొచ్చినవాడు మాటను చూస్తాడురా, అక్షరాన్ని చూడడు. నీకా జబ్బు లేదు," అని అక్షరాలన్నిటినీ బొమ్మలుగా నేర్పాడు. తలకట్టు రెక్క విప్పిన పిట్ట. కొమ్ము పక్కకు ఒరిగిన చెంచా. గుడి, అక్షరం నెత్తిన పట్టిన గొడుగు. ఏ బొమ్మ ఏ శబ్దం పలుకుతుందో శిష్యుడు అడగలేదు, గురువు చెప్పలేదు. చీటీ మీద ఏముంటే దాన్ని గోడంత చేసి, వంపు చెడకుండా దించడమే పని. దుకాణాల నెత్తిన, బస్సుల ఒంటి మీద, నీళ్ళ ట్యాంకుల బొజ్జల మీద ఆయన దించిన అక్షరాలను చూసి, ఊరు ఆయనకు 'అక్షరాలాయన' అని పేరు పెట్టింది. ఆ పేరును కూడా ఆయన చాలాకాలం చదవలేకపోయాడు.

ఈ పద్ధతిలో ప్రమాదాలు లేకపోలేదు. ఒకసారి ఒక ఆసుపత్రి గుమాస్తా చీటీ మీద 'పొగ తాగరాదు' అని రాసి, దాని కింద 'పెద్ద అక్షరాలతో' అని సూచన చేర్చాడు. మర్నాడు పొద్దున్నే వచ్చిన రోగులకు, ఎదురుగోడ మీద నిలువెత్తు ఎర్ర రంగులో, 'పొగ తాగరాదు పెద్ద అక్షరాలతో' అన్న హెచ్చరిక కనిపించింది. చిన్న అక్షరాలతో తాగితే ఫర్వాలేదా అని కుట్లు పడ్డవాళ్ళు సైతం పొట్ట పట్టుకుని నవ్వారట. ఆ తప్పు ఒక పూటలో సున్నం కింద కలిసిపోయింది. ఇంకో తప్పు మాత్రం యాభై ఒక్క ఏళ్ళుగా నది మధ్య నిలబడి ఉంది.

ఆ తప్పు కథ ఇది.

ఆయనకు ఇరవై రెండేళ్ళప్పుడు, నది నడుమ ఉన్న లంకలో పాత కోటకు బోర్డు రాసే పని వచ్చింది. కోట అంటే పెద్ద కోటేమీ కాదు. ఎప్పటిదో ఒక సైన్యం ధాన్యం దాచుకున్న గిడ్డంగి, దాని చుట్టూ రెండు నిలువుల గోడ, ఒక లోతైన బావి, గోడ వాకిలి నుంచి నీళ్ళలోకి దిగే నలభై ఒక్క మెట్లు. ఎంత వరద వచ్చినా ఈ లంక మునగదని, నీటితోపాటు పైకి తేలుతుందని జనం చెప్పుకునేవారు. నీలం రంగు వేసిన ఇనుప రేకును పడవలో అడ్డంగా పెట్టుకుని, చీటీని చొక్కా జేబులో పెట్టుకుని ఆయన బయలుదేరాడు. నడి నదిలో పడవాయన గెడ వేసిన ఊపుకు నీళ్ళు చిమ్మి జేబు తడిసింది. ఒడ్డుకు చేరి చీటీ విప్పితే, రెండో వరుసలో మొదటి అక్షరం 'రా' నిక్షేపంగా ఉంది, చివర 'మెట్లు' ఉంది. నడిమి అక్షరం సిరా మరకలో కలిసిపోయి, దాని నెత్తినున్న గుడి ఒక్కటే మిగిలింది.

పడవాయన కూతురు ఏడో మెట్టు మీద కూర్చుని గిన్నెలు తోముతోంది.

"ఇదిగో అమ్మాయ్, నీకు చదువొచ్చా?"

"వస్తే?"

"ఈ గుడి కింద ఏ అక్షరముందో కాస్త చూసి చెప్పు."

"బోర్డులు రాసేవాడివేగా! నీకు తెలీదా?"

"నాకు రాయడం వచ్చు. చదవడం రాదు."

ఆ పిల్ల నవ్విన నవ్వుకు చేతిలోని గిన్నె జారి, ఒక్కొక్క మెట్టే దిగి నదిలో మునిగింది. అప్పుడైనా నవ్వాపిందా అంటే, లేదు. చీటీ అందుకుని, "అయ్యో పాపం, గుడి మిగిలింది, లోపల దేవుడు కొట్టుకుపోయాడు," అంది. తరువాత చీటీని చూసింది, మెట్లను చూసింది, బూడిదతో పగిలిన తన వేళ్ళను చూసుకుంది.

"ణి," అంది. "రాణి మెట్లు."

"ఏ రాణి?"

"ముందు నువ్వు రాయవయ్యా బాబూ. ఏ రాణో తర్వాత చూసుకుందాం."

'ణి' అన్న శబ్దంతో ఆయనకు పని లేదు. ఆయనకు కావలసింది బొమ్మ. ఆ సంగతి ఆమెకు అర్థమై, వేలు నీళ్ళలో ముంచి, వేడెక్కిన రాతిమెట్టు మీద 'ణ' గీసింది. అది ఆరిపోయేలోగా ఆయన సుద్దముక్కతో రేకు మీదికి ఎక్కించాడు. సగం గీసేసరికే తోక ఆరిపోతే, "మళ్ళీ గియ్యి," అన్నాడు. గీసింది. "ఇంకోసారి." మళ్ళీ గీసింది. మూడోసారి అవసరమై అడిగింది కాదని ఇద్దరికీ తెలుసు. మరుసటి సంవత్సరం వాళ్ళ పెళ్ళయింది.

మొగుడికి చదువు చెప్పే బాధ్యతను ఆమె కాపురానికి వచ్చిన వారానికే నెత్తికెత్తుకుంది. పలక లేదు, పుస్తకం లేదు. సాయంత్రం వీధి చివరిదాకా నడిపించి, ఆయన చేత్తో ఆయనే రాసిన బోర్డులను ఆయన చేతే చదివించేది. తాను ఎనిమిదేళ్ళుగా ఏమేమి రాశాడో ఆయనకు అప్పుడు తెలిసింది. 'ఇచ్చట గొడుగులు బాగుచేయబడును' దగ్గర నిలబడి, సొంత బిడ్డ నోట మొదటిసారి మాట విన్నవాడిలా కళ్ళు తుడుచుకున్నాడు.

చదువు వచ్చిన రెండేళ్ళకు, కోట బోర్డుకు మళ్ళీ రంగు వెయ్యమంటూ కార్యాలయం నుంచి కాగితం వచ్చింది. అందులో 'రాతి మెట్లు' అని ఉంది. ఆయన ఒకసారి చదివాడు. కూడబలుక్కుని మళ్ళీ చదివాడు.

"ఇదేంటే? రాతి అంటున్నారు! నువ్వు రాణి అన్నావు!"

ఆమె తిరగమోత ఆపకుండా, వెనక్కి తిరగకుండా జవాబు చెప్పింది. "రాతి మెట్లని నాకు తెలీదా ఏంటి? నేను పుట్టి పెరిగింది అక్కడేగా. అయినా రాతి మెట్లని రాయడానికి బోర్డెందుకయ్యా? జనానికి కళ్ళు లేవా?"

"మరి రాణెవరే?"

"ఆ మెట్లు రోజుకు పదిసార్లు బిందెతో ఎక్కి దిగింది ఎవరో, ఆవిడే."

తప్పు దిద్దాలంటే తాను చదవలేని రోజుల్లో బోర్డులు రాశానని కార్యాలయంలో ఒప్పుకోవాలి. దిద్దకపోతే అడిగే నాథుడు లేడు. పైపెచ్చు ఆ అక్షరాన్ని చూసినప్పుడల్లా రాతి మీద నీటి గీత, దాని మీద ఎండ, ఒక నవ్వు ఆయనకు కళ్ళకు కట్టేవి. మనసొప్పలేదు. పాత అక్షరాల మీదే కొత్త రంగు వేసి వచ్చాడు. ఆనాటి నుంచి ఇంట్లో ఆమె 'రాణిగారు', కోపమొచ్చినప్పుడు ఆయన 'రాతి మనిషి'.

బోర్డు మీద ఉన్నదాన్ని జనం నమ్మడానికి ఎంతోకాలం పట్టలేదు. ముందు రాణి వచ్చింది, తరువాత ఆమెకు రాజు వచ్చాడు, ఆ రాజు యుద్ధానికి వెళ్ళాడు. రాణి రోజుకొక మెట్టు దిగుతూ నలభై ఒక్క రోజులు ఎదురుచూసిందని, చివరి మెట్టు కూడా దిగి నదిలో కలిసిపోయిందని, ఆమె పాదం ఒరిసిన గాడి ఇప్పటికీ పదిహేడో మెట్టు మీద ఉందని కథ అల్లుకుపోయింది. ఆ గాడి తన తండ్రి పడవ తాడు కోసిన గాడి అని చెబుతూ ఆమె పడీపడీ నవ్వేది.

ఆ నవ్వు ఆగిపోయిన రోజు ఆయనకు గుర్తుంది. కూతురు ఐదో తరగతిలో పరీక్ష కాగితం తెచ్చి చూపించింది. 'లంకలోని మెట్లను ఎవరు కట్టించారు?' అన్న ప్రశ్నకు 'రాణి' అని రాసినందుకు రెండు మార్కులు. రాతిని మోసినవాళ్ళు కట్టారని రాసిన పక్క పిల్లకు సున్న. ఆమె ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చాలాసేపు చూసింది. "నేను సరదాకన్న మాటకు ఎవరి పిల్లకో మార్కులు పోయాయండీ," అంది. "ఈసారి రంగు వేసేటప్పుడు దిద్దెయ్యండి."

సరేనన్నాడు. ఆ తరువాత నాలుగుసార్లు రంగు వేశాడు. వెళ్ళిన ప్రతిసారీ కుంచె ఆ అక్షరం దగ్గరికి వచ్చేసరికి చెయ్యి పాత దారినే పోయింది. తిరిగి వచ్చిన ప్రతిసారీ ఆమె ఆయన ముఖం చూసి, "అర్థమైందిలెండి," అనేది. నాలుగేళ్ళ కిందట ఆసుపత్రి మంచం మీద, కిటికీలోంచి మధ్యాహ్నపు ఎండ దుప్పటి మీద పడుతుండగా, ఆమె ఆయన చూపుడువేలు పట్టుకుని దుప్పటి మీద ఒక అక్షరం గీయించింది. 'త'. నెత్తిన గుడి. "మర్చిపోరుగా?" అంది. మర్చిపోనన్నాడు. కానీ ఆ తరువాత బోర్డుకు రంగు వెయ్యమన్నవాళ్ళే లేకపోయారు.

ఈ వేసవిలో ఫోను వచ్చింది. పాత కట్టడాల శాఖలో కొత్తగా చేరిన అధికారిణి. రేకు బోర్డు తుప్పు పట్టిందని, దాని స్థానంలో నల్లరాతి ఫలకం నిలబెడుతున్నామని, అక్షరాలు కంప్యూటరువి కాకుండా ఆయనవే కావాలని చెప్పింది. ఆయన వచ్చి రాతి మీద సుద్దతో గీసిస్తే చాలు, మర్నాడు శిల్పి చెక్కుతాడు. మాటలన్నీ పాతవే: 'చారిత్రక స్థలం. రాణి మెట్లు. కట్టడాలను తాకరాదు.'

రంగు అయితే మళ్ళీ వేసుకోవచ్చు. రాతిలో చెక్కాక దిద్దుబాటు ఉండదు. అక్షరాలాయన ఫోను పెట్టేసి, గోడకున్న ఫొటో వైపు చూడకుండా, సుద్దముక్కలు వెతుక్కున్నాడు.

*

లాంచీలో కూతురు పక్కనే కూర్చుంది. ఆమె రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తుంది. తండ్రి మోకాళ్ళ కోసం ఆ రోజుకు సెలవు పెట్టింది. నడి నదికి చేరాక ఆయన జరిగినదంతా మొదటిసారి కూతురికి చెప్పాడు. ఆమె నోరు తెరుచుకుని వింది.

"అంటే నా రెండు మార్కులూ..."

"మీ అమ్మ పుణ్యమే."

కూతురు నవ్వి, ఆ వెంటనే గంభీరమైంది. "నాన్నా, ఇన్నేళ్ళ తర్వాత ఎందుకు కెలకడం? ఎవరికేం నష్టం చెప్పు? అందరికీ రాణే ఇష్టం. నీకూ ఇష్టమే."

"నీ ల్యాబులో జబ్బు ఉందని రాయాల్సిన చోట లేదని ఒక్క మాట తప్పు పడిందనుకో. రోగి సంతోషంగా ఇంటికెళ్ళాడు. ఎవరికేం నష్టమని కాగితం అలాగే వదిలేస్తావా?"

"అదీ ఇదీ ఒకటేనా?"

"కాదు. నువ్వైతే సాయంత్రానికి దిద్దుతావు. నేను నలభై ఏడేళ్ళు తాత్సారం చేశాను."

కూతురు ఆయన చెయ్యి తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది. టీ గ్లాసు పట్టుకుంటే వణికే ఆ చెయ్యి, సుద్దముక్క పట్టుకుంటే వణకదు. అందుకని ఆయన లాంచీ ఎక్కినప్పటి నుంచి ఒక ముక్కను వేళ్ళ మధ్య పట్టుకునే ఉన్నాడు.

లంక ఆయన ఎరిగినంత పెద్దది కాదో, లేక ఆయన చూపు చిన్నదైందో. గోడ మీద గడ్డి పెరిగింది. బావికి ఇనుప వల బిగించారు. మెట్లు మాత్రం మెట్లలాగే ఉన్నాయి. నది తగ్గి ముప్పై దాకా బయటపడ్డాయి. పదిహేడో మెట్టు దగ్గర పదిమంది సందర్శకుల మధ్య నిలబడి, లంకలో కోట చూపించే ఆవిడ కథ చెబుతోంది. యాభై దాటిన మనిషి. ఆమె తల్లీ, అక్షరాలాయన భార్యా ఇదే రేవులో పక్కపక్కన గిన్నెలు తోముకున్నవాళ్ళు. ఆ చనువుతో ఆయనను బాబాయ్ అంటుంది.

"ముప్పై తొమ్మిదో రోజు వచ్చింది, పడవ రాలేదు. నలభయ్యో రోజు వచ్చింది, పడవ రాలేదు..." ఆమె గొంతు నీటి మీద సాగుతోంది. జనం కిమ్మనకుండా వింటున్నారు. వాళ్ళలో ఒకావిడ కొంగుతో కళ్ళద్దుకుంది. లేని రాణి కోసం కారిన కన్నీరు నిజమైనదే కదా అనిపించి, అక్షరాలాయన చేతిలోని సుద్దముక్క బరువెక్కింది.

జనం బావి వైపు కదిలాక ఆవిడ ఆయనను చూసి గబగబా మెట్లెక్కి వచ్చింది.

"ఏం బాబాయ్, ఇన్నాళ్ళకు దారి తెలిసిందా! చెల్లీ, బాగున్నావా? కొత్త రాయి చూశారా, అద్దంలా ఉంది."

"చూడాలి. అమ్మాయ్, నీతో ఒక మాట." ఆయన చుట్టూ తిప్పి చెప్పే మనిషి కాడు. "ఆ రాతి మీద నేను రాణి అని రాయలేను. అది రాణి కాదు. రాతి."

ఆవిడ ముఖంలో నవ్వు మెల్లగా దిగిపోయింది. కానీ ఆశ్చర్యం మాత్రం లేదు. అది ఆయన గమనించాడు.

"యాభై ఏళ్ళ తర్వాత మా రాణిని చంపడానికి వచ్చావా బాబాయ్?"

"నేను పుట్టించిందేగా."

"పుట్టించి వెళ్ళిపోయావు. పెంచింది నేను. ఇరవై ఏడేళ్ళు! రాజును యుద్ధానికి పంపింది నేను. ఆ నలభై రోజుల వానలు నావి. రాణి పోతే ఇక్కడ నేను చెప్పేదేముంది?"

"గోడుంది. బావి ఉంది. గిడ్డంగి ఉంది."

"గిడ్డంగి చూసి ఎవరైనా కళ్ళద్దుకుంటారా?" అనేసి ఆవిడ విసవిసా బావి వైపు వెళ్ళిపోయింది.

*

ఫలకం కార్యాలయం వరండాలో రెండు బల్లల మీద పడుకోబెట్టి ఉంది. అధికారిణి ఆయనకు కుర్చీ వేయించి, నీళ్ళు ఇప్పించి, ఆయన చెప్పినదంతా మధ్యలో అడ్డు రాకుండా విన్నది. తడిసిన చీటీ, గుడి, నీళ్ళతో గీసిన అక్షరం, దుప్పటి మీద గీసిన అక్షరం. అంతా విని కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"తాతగారూ, మిమ్మల్ని అనుమానించడం లేదు. కానీ నేను నమ్మితే చాలదు. ఆధారం కావాలి. ఆ చీటీ ఉందా?"

"ఆ రోజే చిరిగిపోయింది."

"రాతి మెట్లు అని తర్వాత వచ్చిన కాగితం?"

"నా దగ్గర లేదమ్మా. మీ కార్యాలయంలోనే ఉండాలి."

"మా పాత దస్త్రాలు ఒక వరదలో పోయాయి. మిగిలిందంతా దాని తర్వాతిదే." ఆమె ఒక అట్టపెట్టె తెరిచి పుస్తకాలు ఒక్కొక్కటే బల్ల మీద పెట్టింది. "ఇందులో రాణి మెట్లు. ఇందులో రాణి మెట్లు. ఇది పెద్ద పండితులు రాసింది, ఇందులోనూ రాణి మెట్లే. వీళ్ళంతా ఎక్కడ చూసి రాశారంటే, అడుగున అందరూ ఒకటే ఆధారం ఇచ్చారు."

"ఏంటది?"

"మీ బోర్డు."

కూతురికి నవ్వాగలేదు. అక్షరాలాయనకు నవ్వు రాలేదు. తన మాటకు ఎదురు నిలబడింది తన చేతిరాతే. వంపు చెడకుండా, రంగు చెదరకుండా అంత శ్రద్ధగా రాయడం వల్లే కదా, ఇవాళ తన నోటిమాట దాని ముందు చెల్లకుండా పోయింది.

"మరైతే ఏం చేద్దామమ్మా?"

"ఆధారం లేకుండా ఉన్న పేరు మార్చే అధికారం నాకు లేదు. ఉన్నదే ఉంచాలి," అంది అధికారిణి. ఆ మాట చెప్పడం ఆమెకూ కష్టంగానే ఉంది. "ఇంకెవరైనా, ఆ బోర్డుకు ముందు ఈ మెట్లను ఏమనేవారో విన్నవాళ్ళు బతికి ఉన్నారా?"

ఆయన బుర్రలో ఆ కాలం మనుషులు ఒక్కొక్కరే లేచి, ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. లేరన్నట్టు తల ఊపబోయాడు.

"మా అమ్మ రాతి మెట్లనేది."

వరండా మెట్టు మీద కోట చూపించే ఆవిడ నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో ఎవరూ చూడలేదు.

"చచ్చేదాకా అలాగే అంది. 'రాతి మెట్ల కాడ పాచి పట్టింది, జారతావే' అనేది. రాణి అని ఒక్కనాడూ అనలేదు. నేనే కోప్పడేదాన్ని, జనం ముందు అలా అనకు అమ్మా అని." ఆవిడ ఆయన వైపు తిరిగింది. గొంతు తగ్గించింది. "నాకు ముందే తెలుసు బాబాయ్. పిన్ని ఆఖరిసారి వచ్చినప్పుడు పదిహేడో మెట్టు మీద కూర్చుని అంతా చెప్పింది. 'మీ బాబాయ్ దిద్దడానికి వస్తే అడ్డు రాకు. రాకపోతే నువ్వే చెప్పు' అంది. చెప్పలేదు. నాలుగేళ్ళు నోరు మూసుకుని ఉన్నాను."

"ఎందుకే?"

"నువ్వెందుకు దిద్దలేదో, అందుకే."

కింద లాంచీ తాడు మెట్టుకు ఒరుసుకుంటున్న చప్పుడు వినిపించింది.

అధికారిణి రెండు తెల్లకాగితాలు తీసింది. ఇద్దరినీ విడివిడిగా కూర్చోబెట్టి, ఎవరు ఏమి విన్నారో, ఎప్పుడు విన్నారో, ఎవరి నోట విన్నారో అడిగి, వాళ్ళ మాటల్లోనే రాసుకుంది; పేరు దిద్దడానికి ఈ రెండు సాక్ష్యాలూ ఆధారంగా చాలునంది. చదివి వినిపించబోతే అక్షరాలాయన చెయ్యి అడ్డం పెట్టాడు. "ఇలా ఇవ్వమ్మా. నాకు చదవడం వచ్చు." అక్షరం అక్షరం చదువుకుని, కింద గుండ్రంగా సంతకం చేశాడు. ఆవిడ కూడా సంతకం పెట్టి, కలం మూత బిగిస్తూ అధికారిణిని అడిగింది: "మరి నా కథ మేడం? మానెయ్యాలా?"

"మానమని నేనెందుకంటాను? జరిగిందని చెప్పకండి. జనం చెప్పుకుంటారని చెప్పండి."

"ఒక్క మాటేగా తేడా?"

"ఒక్క అక్షరం తేడాకే కదమ్మా పొద్దున్నుంచీ కూర్చున్నాం," అంది అధికారిణి.

*

సుద్ద అద్దిన దారం లాగి వదిలి, నల్లరాతి మీద మూడు వరుసలు కొట్టాడు అక్షరాలాయన. మొదటి వరుస పావుగంటలో అయింది. మూడో వరుస కూడా ముగించాడు. రెండో వరుసలో 'రా' గీశాడు, 'మెట్లు' గీశాడు. నడుమ నెత్తిన గుడి గీశాడు. గుడి కింద ఖాళీ. యాభై ఒక్క ఏళ్ళ కిందట తడిసిన చీటీ మీద ఉన్నది సరిగ్గా అదే.

"నాన్నా, నీళ్ళు కావాలా?" అని కూతురు గ్లాసు అందించింది.

తాగుతాడనుకుంది. ఆయన చూపుడువేలు గ్లాసులో ముంచి, ఆ ఖాళీలో, ఎండకు కాలుతున్న రాతి మీద, నిదానంగా 'ణ' గీశాడు. తోక దాకా చెదరకుండా వచ్చింది. ఒక్క క్షణం రాణి మెట్లు మెరిశాయి. తరువాత తల దగ్గర మొదలై, నడుం మీదుగా, నీరు ఆరుతూ వచ్చింది. ఆయన మళ్ళీ గీయలేదు. పూర్తిగా ఆరిపోయేదాకా చూసి, సుద్ద తీసుకుని, ఒక్క ఊపున 'త' గీశాడు.

కోట చూపించే ఆవిడ దగ్గరికి వచ్చి, తల ఒకవైపు వంచి చదివింది. "బాగానే ఉందిలే బాబాయ్," అంది, ఇంకా పూర్తిగా మెత్తబడని గొంతుతో. రేవులో కొత్తగా దిగిన జనం ఆమెను పిలుస్తున్నారు. ఆవిడ మెట్ల వైపు నడిచింది. కాసేపటికి గాలిలో ఆమె గొంతు తేలి వచ్చింది: "అనగనగా ఇక్కడ ఒక రాణి ఉండేదని చెప్పుకుంటారు..." అక్కడ ఆగి, ఆ కొత్త మాటను నోట్లో ఒకసారి పుక్కిలించి చూసుకున్నట్టుగా, మళ్ళీ అంది: "చెప్పుకుంటారండీ. రాసింది ఎవరో, గీయించింది ఎవరో, అది ఇంకా మంచి కథ. ముందు ఏది చెప్పమంటారు?"

పాత రేకు బోర్డును ఏం చేయాలో అధికారిణికి తోచలేదు. ఒక చీటీ రాసి సంతకం చేయించుకుని ఆయనకే ఇచ్చేసింది. తిరుగు లాంచీలో తండ్రీ కూతుళ్ళు దాన్ని మోకాళ్ళ మీద అడ్డంగా పెట్టుకుని కూర్చున్నారు. అంచులు తుప్పుకు రాలుతున్నాయి. నీలం రంగు పొరలు పొరలుగా లేచింది. తెల్లటి 'ణి' మాత్రం నిన్న రాసినట్టుంది. అన్ని పొరల రంగు పడిన అక్షరం అదొక్కటే. వెళ్ళిన ప్రతిసారీ దాని మీద ఒక పూత ఎక్కువే వేసేవాడాయన.

ఎదుటి బల్ల మీద కూర్చున్న ఒకావిడ చాలాసేపటి నుంచి ఆ బోర్డును చదువుతోంది. ఉండబట్టలేక అడిగేసింది.

"ఏమండీ పెద్దాయనా, ఈ రాణెవరండీ?"

కూతురు తండ్రి వైపు చూసింది. ఆయన రేకు మీద రాలిన తుప్పును అరచేత్తో మెల్లగా తుడిచాడు.

"మా ఆవిడమ్మా."

"అబ్బో!" అందావిడ నవ్వేస్తూ. "అయితే తమరు రాజుగారన్నమాట."

"కాదమ్మా. పెయింటర్ని."